రాత్రి ఆరని దీపము
(తల్లులకును పసిబిడ్డలకును జరుగు పరిచర్యనుగూర్చిన పాఠము)

చదువవలసిన లేఖనభాగములు: నిర్గమకాండము 1:15–21, 2:1–10, ఆదికాండము 35:16–20, యెహెజ్కేలు 16:4–6, లూకా 1:39–56, 2:7, 1 థెస్సలొనీకయులకు 2:7–9.

కంఠస్థము చేయవలసిన వచనము: యెషయా 40:11.

ముఖ్యాంశము: తల్లిని, బిడ్డను కాపాడు పరిచర్య ఒక్క గొప్ప పిలుపుమీద నిలువదు; ప్రతిదినము, ప్రతిరాత్రి, ఎవరు చూడకున్నను నమ్మకముగా చేయబడు చిన్నపనులమీద నిలుచును.

1. పుట్టింటికి దూరమైన తల్లి

తపతీ నది ఒడ్డున వెలసిన సూరత్ నగరము జరీకును, మగ్గములకును, వజ్రముల సానకును పేరుపొందినది. ఆ నగరమునకు నైరుతి దిక్కున ఆల్థాన్ అను ప్రాంతమున్నది. ఒకప్పుడు పల్లెయైన ఆ స్థలములో నేడు అనేక అంతస్తుల భవనములు నిలిచియున్నవి. ఇట్టి నగరములో ఇటుకలు మోయు చేతులును, మరమగ్గములు నడుపు చేతులును అనేకము దూరప్రాంతములనుండి వచ్చినవే. తెలంగాణ జిల్లాలనుండి వచ్చిన నేతపనివారు, ముఖ్యముగా పద్మశాలి కుటుంబములవారు, తరతరములుగా సూరత్‌లో కాపురముండుట పలువురికి తెలిసిన విషయమే. వారి పిల్లలకొరకు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున పాఠశాలలను సయితము నడుపుచు వచ్చినది.

తెలుగు ఇండ్లలో తొలి కాన్పు పుట్టింట జరుగుట ఆచారము. నెలలు నిండకమునుపే తల్లి వచ్చి కుమార్తెను తీసికొనిపోవును. నొప్పుల రాత్రి ఆమె చేయి పట్టుకొనుటకును, బాలింతకు పథ్యము వండి పెట్టుటకును, పసిబిడ్డ ఏడ్చినప్పుడు ఎందుకు ఏడ్చుచున్నదో చెప్పుటకును ఒక పెద్దచేయి ప్రక్కన ఉండును. కాని సూరత్‌నుండి వరంగల్లునకు నవజీవన్ ఎక్స్‌ప్రెస్సులో వెళ్లవలెనన్నను దాదాపు పూర్తి దినము పట్టును. భర్త కూలి పోవుననియో, పెద్దబిడ్డ చదువు ఆగుననియో, పుట్టింట తల్లియే లేదనియో, ఎందరో స్త్రీలు అద్దెగదిలోనే నెలలు నింపుకొందురు. ప్రక్కింటివారి భాష సగమే అర్థమగును. నొప్పులు అర్ధరాత్రి ఆరంభమైనప్పుడు భర్త ఎవరి తలుపు తట్టవలెను?

ఈ ప్రశ్న సూరత్‌కు మాత్రమే చెందినది కాదు. భివండిలోను, షోలాపూరులోను, హైదరాబాదు శివారులలోను, తెలుగువారు బ్రతుకుతెరువునకు వెళ్లిన ప్రతి పట్టణములోను ఇదే ప్రశ్న. తెరువబడు తలుపు వెనుక ఎట్టి జీవితము ఉండవలెనో ఈ పాఠము విచారించుచున్నది.

2. లేఖనము చూపు మాదిరి

నిర్గమకాండము మొదటి అధ్యాయములో ఐగుప్తు రాజు పేరు వ్రాయబడలేదు. అతడు ఎంత గొప్పవాడైనను లేఖనము అతనిని 'రాజు' అనియు 'ఫరో' అనియు మాత్రమే పిలుచుచున్నది. కాని హెబ్రీయుల ఇద్దరు మంత్రసానుల పేర్లు శాశ్వతముగా వ్రాయబడినవి: షిఫ్రా, పూయా. మగబిడ్డలను చంపుమని రాజు ఆజ్ఞాపించెను, వారు దేవునికి భయపడిరి, బిడ్డలను బ్రతుకనిచ్చిరి. వారు ప్రసంగములు చేసినట్లు గాని, అద్భుతములు చేసినట్లు గాని అచ్చట చెప్పబడలేదు. కాన్పుపీట యొద్ద తమ పనిని తాము సరిగా చేసిరి. వారి భక్తి వారి వృత్తిలోనే కనబడెను. దేవుడు వారికి మేలుచేసి, వారి యిండ్లను నిలిపెను.

యెహెజ్కేలు 16వ అధ్యాయములో ప్రభువు యెరూషలేమును పొలములో పారవేయబడిన శిశువుతో పోల్చెను. ఆ శిశువునకు ఏమి లోపించెనో ఒక మంత్రసాని లెక్కపెట్టినట్లుగా అచ్చట లెక్కింపబడినది: బొడ్డు కోయబడలేదు, ఒడలు శుభ్రపరచబడలేదు, ఆ కాలపు వాడుక చొప్పున ఉప్పు పూయబడలేదు, పొత్తిగుడ్డ చుట్టబడలేదు, జాలిపడిన కన్ను ఒక్కటియు లేదు. కనికరము అను మాట వినుటకు తియ్యగా ఉండును. కాని పసిబిడ్డ విషయములో కనికరమనగా శుభ్రమైన బ్లేడు, శుభ్రమైన దారము, పొడిగుడ్డ, మెలకువగానున్న ఒక మనిషి అని ప్రవక్త మాటలవలన తెలియుచున్నది.

లూకా సువార్తలో మరియ తన బిడ్డను పొత్తిగుడ్డలతో చుట్టెను. సత్రములో స్థలము లేకపోయినను గుడ్డలు సిద్ధముగా నుండెను. అంతకుమునుపు మరియ ఎలీసబెతు ఇంట దాదాపు మూడు నెలలు ఉండెను. వృద్ధాప్యములో గర్భవతియైన ఒక స్త్రీ, కన్యకయైన ఒక యువతి ఒకే ఇంట ఉండిరి. మరియ పాడిన కీర్తనను సంఘము ఎన్నడును మరువలేదు. ఆ మూడు నెలల దినచర్యనుగూర్చి లేఖనము ఒక్క వాక్యముతో సరిపెట్టినది. తల్లులమధ్య జరుగు సేవ అధికభాగము అట్టిదే. అది కీర్తనవలె వినబడదు.

3. గుంటూరు చరిత్ర నేర్పు పాఠము

భారతదేశమునకు మిషనరీగా వచ్చిన మొదటి వైద్యురాలు డాక్టరు క్లారా స్వేన్. ఆమె 1870 జనవరిలో ఉత్తరదేశములోని బరేలీ చేరిరి. పరపురుషుడు నాడి పట్టుకొనుట సయితము అవమానమని తలంచిన ఆ దినములలో వైద్యురాలు లేకపోవుటయే అనేక తల్లులకు మరణశాసనమాయెను.

తెలుగుదేశములో ఈ సేవకు బాగుగా తెలిసిన పేరు డాక్టరు అన్నా సారా కుగ్లర్. 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టిన ఆమె 1879లో స్త్రీల వైద్య కళాశాలనుండి పట్టము పొంది, 1883 చివర గుంటూరు చేరిరి. ఆమెను పంపిన లూథరన్ స్త్రీల సమాజము అప్పటికి వైద్యసేవను చేపట్టుటకు సిద్ధముగా లేదు. జెనానాలలోని స్త్రీలకును బాలికలకును బోధించు పనికే ఆమె పంపబడిరి. అయినను రోగులు ఆమెను వెదకికొని వచ్చిరి. 1885లో గాని ఆమె వైద్య మిషనరీగా నియమింపబడలేదు. స్త్రీలకును పిల్లలకును గుంటూరులో ఆస్పత్రి తెరువబడినది 1898లో.

1883నుండి 1898వరకు పదునైదేండ్లు. ఆ పదునైదేండ్లలో పెద్ద భవనము లేదు. ఇండ్లకు వెళ్లి చూచుట, చిన్న వైద్యశాలలో మందులిచ్చుట, భాష నేర్చుకొనుట, విరాళములకై ఉత్తరములు వ్రాయుట, ఒక ఇల్లాలు భయపడక లోనికి రానిచ్చువరకు గడప యొద్ద ఓర్పుతో నిలుచుట, ఇదియే ఆ దినముల పని. 1898లో తెరువబడిన తలుపులకు ఆ పదునైదేండ్లలో తట్టిన తలుపులే పునాది.

ఆ ఆస్పత్రి వలన మేలుపొందినవారిలో ఏలూరు జమీందారుగారి కుటుంబము ఒకటి. కృతజ్ఞతగా వారు రోగుల బంధువులు బసచేయుటకు ఆస్పత్రి సమీపమున సత్రము కట్టించిరి. ఇది చిన్న విషయముగా కనబడును. కాని మన దేశములో రోగి ఒంటరిగా రాదని, తల్లి వెంబడి అత్తయు, చెల్లెలును, పెద్దబిడ్డయు వత్తురని, వారు వండుకొనుటకును పండుకొనుటకును చోటు కావలెనని ఎరిగినవారు చేసిన దానము అది. క్రైస్తవేతరులు ఇట్లు చేయి కలిపినందున ఆ ఆస్పత్రి మిషనుది మాత్రమే కాక ఊరిది కూడ ఆయెను. ప్రభుత్వము 1905లోను, తిరిగి 1917లోను కైసర్-ఇ-హింద్ పతకముతో డాక్టరు కుగ్లర్‌గారిని గౌరవించెను. 1930లో ఆమె గుంటూరులోనే ప్రభువునందు నిద్రించిరి. ఆ ఆస్పత్రి ఆమె పేరనే ప్రసిద్ధి పొందినది.

చిత్తూరు జిల్లా వాసులకు దగ్గరయైన వేలూరు ఆస్పత్రి కథ కూడ ఇదే నేర్పును. తిండివనములో ఒకే రాత్రి ముగ్గురు పురుషులు వచ్చి, ప్రసవవేదనలోనున్న తమ భార్యలకు సాయము చేయుమని యువతియైన ఐడా స్కడ్డర్‌ను వేడుకొనిరి. ఆమె తండ్రి వైద్యుడే. కాని పురుష వైద్యుని వారు అంగీకరింపలేదు. తెల్లవారునప్పటికి ఆ ముగ్గురు స్త్రీలు మరణించిరి. ఆమె అమెరికాకు వెళ్లి, వైద్యము నేర్చి, 1899లో పట్టము పొంది, 1900 ఆరంభములో తిరిగి వచ్చిరి. 1902లో వేలూరులో స్త్రీల ఆస్పత్రి తెరువబడెను. 1909లో నర్సుల శిక్షణయు, 1918లో స్త్రీలకు వైద్యవిద్యాలయమును ఆరంభమాయెను.

ఆ ఒక్క రాత్రి పిలుపును ప్రసంగములలో అందరు చెప్పుదురు. దాని వెనుక వచ్చిన వేల రాత్రులను చెప్పువారు కొందరే. తల్లులు బ్రతికినది పిలుపు వినబడిన రాత్రి కాదు. ఆ తరువాతి రాత్రులలోనే. ఆ ఒక్క రాత్రి ముగ్గురు తల్లులును మరణించిరి. పిలుపును విని కన్నీరు కార్చి, మరుదినము మరచిపోయిన యెడల ఆ పిలుపు ఎవనిని బ్రతికింపదు.

4. ఒక దినము, ఒక రాత్రి

ఇట్టి గృహమును మంచి మనస్సుతో మాత్రమే నడుపుట సాధ్యము కాదు. ప్రభుత్వ అనుమతియు, వైద్యుల పర్యవేక్షణయు, శిక్షణ పొందిన నర్సులును లేనిచోట కాన్పులు చేయుట పాపమని చెప్పినను తప్పు కాదు. అట్టి ఏర్పాట్లు ఉన్నవనుకొని, అచ్చటి దినమును గడియగడియగా చూడవలెను.

ఉదయము. రాత్రి మేల్కొనియున్న నర్సు పగటి నర్సునకు ప్రతి మంచము యొద్ద నిలిచి సంగతి అప్పగించును: ఈ తల్లికి రక్తస్రావమెంత, జ్వరమున్నదా, ఈ బిడ్డ ఎన్నిమారులు పాలు త్రాగెను, మూత్రము పోసెనా. తరువాత ప్రార్థన జరుగును. ఆ ప్రార్థన చిన్నదిగా ఉండుట మేలు. నొప్పులుపడు తల్లిని నిలిపియుంచి చేయు దీర్ఘప్రార్థన దేవునికి ఇష్టమైనది కానేరదు. ఆపై చేతులు కడుగుకొనుట. 1847లో వియన్నా నగరమున సెమ్మెల్వైస్ అను వైద్యుడు, శవపరీక్ష గదినుండి వచ్చు వైద్యులు క్లోరిను కలిపిన నీటితో చేతులు కడుగుకొనిన యెడల బాలింత జ్వరముతో చనిపోవువారు తగ్గుదురని చూపెను. చాలమంది తోటివైద్యులు ఆయన మాటను త్రోసివేసిరి. నేటికిని చేతులు, కాన్పు జరుగు చోటు, బొడ్డు కోయు బ్లేడు, ముడివేయు దారము, ఏమియు పూయక వదలిన బొడ్డు, ఈ అయిదింటి శుభ్రతయే తల్లిబిడ్డల ప్రాణరక్షణకు మొదటి మెట్టు. ధనుర్వాతము వలన పూర్వము లెక్కలేనన్ని పసిబిడ్డలు చనిపోయెడివారు. గర్భవతులకు వేయు టీకా వలనను, ఇట్టి శుభ్రతవలనను ఆ వ్యాధి తగ్గి, తల్లులలోను నవజాత శిశువులలోను అది ప్రజారోగ్య సమస్యగా నిర్మూలమైనదని 2015లో మన దేశము గుర్తింపు పొందినది.

బిడ్డ పుట్టిన వెంటనే పొడిగుడ్డతో తుడిచి తల్లి రొమ్ముమీద పరుండబెట్టుదురు. స్నానము మరుదినమునకు వాయిదా వేయుదురు. గంటలోపల ముర్రుపాలు పట్టింతురు. ఇచ్చట పెద్దల ఆచారములతో సున్నితముగా మాటలాడవలసియుండును. తెలుగువారు తేనె నాకింతురు, ఆముదము పోయుదురు. గుజరాతీ ఇండ్లలో గళథూథి అని తియ్యనీళ్లు పట్టింతురు. ప్రేమతో చేసినను ఇవి పసిబిడ్డకు మేలు చేయవు. ఏడాదిలోపు బిడ్డకు తేనె అపాయకరము కూడ. సాంబ్రాణి పొగయు లేత ఊపిరితిత్తులకు హాని చేయును. నర్సు అవ్వను గద్దింపరాదు. "అమ్మమ్మగారూ, ఈ ముర్రుపాలే దేవుడిచ్చిన మొదటి మందు, మొదట ఇది పోనిండు" అని చెప్పగల నర్సు పది ఉపన్యాసములకంటె ఎక్కువ పని చేయును.

మధ్యాహ్నము. వంటగది మేల్కొనును. బాలింతకు పప్పును కూరను తగ్గించి, నీళ్లు సయితము త్రాగనీయని పథ్యము తల్లిని నీరసపరచును. ఆకుకూర, పప్పు, గ్రుడ్డు, పాలు, చాలినన్ని నీళ్లు కావలెను; కాన్పైన తరువాత 180 దినములు ఇనుము మాత్రలు వేసికొనవలెను. మరియొక గదిలో లెక్కల పుస్తకము తెరువబడును. పాలవానికెంత, దుప్పట్లు ఉతుకువానికెంత, మందులకెంత, ఇయ్యలేని తల్లికి వదలినదెంత. దాతలు ఇచ్చిన ప్రతి రూపాయి లెక్కకు రావలెను. అపొస్తలుడైన పౌలు తల్లి తన బిడ్డలను సాకునట్లు విశ్వాసులయెడల తాను మెలగితినని చెప్పుచు, వారిమీద భారము మోపకుండుటకై రాత్రింబగళ్లు పనిచేసితినని జ్ఞాపకము చేయుచున్నాడు. మృదుత్వమును, కష్టమును, నిజాయితీని ఆయన ఒకేచోట చేర్చెను.

సాయంకాలము. బంధువులు వత్తురు. మగబిడ్డ పుట్టిన మంచము చుట్టు నవ్వులుండును. ఆడబిడ్డ పుట్టిన మంచము చుట్టు కొన్నిమారులు మౌనముండును. ఆ మౌనమును వినుట ఈ పరిచర్యలోని భాగము. గర్భములోని బిడ్డ ఆడో మగో చెప్పుట 1994 నాటి చట్టము ప్రకారము నేరము. అయితే చట్టము తండ్రి ముఖములోని దిగులును మాన్పజాలదు. షిఫ్రా పూయాల కాలములో మగబిడ్డలకు వచ్చిన అపాయము నేడు ఆడబిడ్డలకు వచ్చినది. దేవునికి భయపడువారి పని మాత్రము మారలేదు. ఆడబిడ్డను తండ్రి చేతులలో పెట్టునప్పుడు నర్సు ముఖమున కనబడు సంతోషము ఆ కుటుంబమునకు మొదటి సువార్త కావచ్చును.

రాత్రి. దీపము ఆరదు. వాహనము పిలుచు ఫోను దగ్గరనుండవలెను; 2007నుండి గుజరాత్‌లో 108 అను పిలుపునకు అంబులెన్సు వచ్చుచున్నది. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, మూర్ఛ, అధిక రక్తస్రావము, జ్వరము, బిడ్డ కదలిక తగ్గుట, వీటిలో ఒక్కటి కనబడినను ఆలస్యము చేయక పెద్ద ఆస్పత్రికి పంపవలెను. "మా చేతిలోనే కావలెను" అను గర్వము ఇచ్చట ప్రాణము తీయును. రెండున్నర కిలోలకంటె తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను తల్లి రొమ్మునకు చర్మము తగులునట్లు కట్టి వెచ్చగా ఉంచుదురు. 1978లో దక్షిణ అమెరికాలోని బొగోటా నగరమున, పెట్టెలు చాలని ఆస్పత్రిలో ఆరంభమైన ఈ పద్ధతిని నేడు లోకమంతయు అంగీకరించినది. తల్లి అలసినప్పుడు అమ్మమ్మయో, పిన్నియో, తండ్రియో ఆ బిడ్డను హత్తుకొనవచ్చును. రెండు మూడు గంటలకొకమారు పాలు పట్టవలెను. రెండు గంటలకు లేచినది, తిరిగి నాలుగు గంటలకు లేచినది ఎవరికిని తెలియదు. కునుకక నిద్రింపక కాపాడువాడైన దేవుని 121వ కీర్తనలో చదువువారు, ఆయన మెలకువలో తామును కొంచెము పాలుపొందుచున్నామని ఆ గడియలో గ్రహింతురు.

అయితే సేవకులు దేవుళ్లు కారు. వరుసగా రెండు రాత్రులు మేల్కొనిన నర్సు మందు కొలతలో తప్పు చేయును. అందువలన విశ్రాంతి దినమును పాటించుట, వరుసలు వేసి పని పంచుకొనుట, ఆయాలకును ఊడ్చువారికిని న్యాయమైన జీతము సకాలమున ఇచ్చుట కూడ ఆరాధనయే.

5. తల్లి విడిచిన బిడ్డ

తెల్లవారుజామున గుమ్మము యొద్ద ఒక బిడ్డ దొరకిన యెడల ఏమి చేయవలెను? బిడ్డలు లేని ఒక మంచి క్రైస్తవ కుటుంబము ఆ బిడ్డకై కన్నీటితో ఎదురుచూచుచుండవచ్చును. ఆ బిడ్డను నేరుగా వారి చేతులలో పెట్టుటకంటె దయగల పని లేదని తోచును. అది సరియైన మార్గము కాదు. 2015 నాటి బాలల న్యాయచట్టము ప్రకారము 24 గంటలలోపల, ప్రయాణకాలము మినహా, ఆ బిడ్డను బాలల సంక్షేమ సమితి యెదుట ప్రవేశపెట్టవలెను. దత్తత చట్టబద్ధమైన మార్గముననే జరుగవలెను. 1098 అను నంబరునకు ఫోను చేసి సహాయము కోరవచ్చును. చాటుగా బిడ్డల నిచ్చిపుచ్చుకొనుట, ఎంత మంచి తలంపుతో ఆరంభమైనను, బిడ్డలను అమ్ముకొనువారికి త్రోవ తెరచును. ఫరో కుమార్తె మోషేను నీటినుండి తీసినప్పుడు, దేవుడు కన్నతల్లికే ఆ బిడ్డను సాకుటకు జీతమిప్పించెను. మొదట కన్నతల్లి తన బిడ్డను ఉంచుకొనుటకు సాయము చేయుటయే లేఖనానుసారమైన క్రమము.

పుట్టిన ప్రతి బిడ్డ పేరు 21 దినములలోపల జనన రిజిస్టరులో వ్రాయింపవలెను. వలసవచ్చిన కుటుంబము ఈ పని మరచిన యెడల ఆ బిడ్డ బడిలో చేరునాడు కష్టపడును. బిడ్డలను పేరుపేరున ఎరిగిన కాపరి సేవకులు ఆ పేరును సరిగా వ్రాయించుట సహజమే.

6. దుఃఖదినము

బేత్లెహేము మార్గమున రాహేలు ప్రసవవేదన పడుచుండగా, భయపడవద్దని మంత్రసాని ఆమెకు ధైర్యము చెప్పెను. ఆ మంత్రసాని నేర్పునకు గాని ప్రేమకు గాని లోపములేదు. అయినను రాహేలు చనిపోయెను. కొన ఊపిరితో ఆమె బిడ్డకు దుఃఖపుత్రుడను అర్థమునిచ్చు పేరు పెట్టెను. తండ్రి దానిని మార్చెను.

ఎంత జాగ్రత్తగా నడుపబడిన గృహమునకైనను ఇట్టి దినము వచ్చును. ఆ దినమున మూడు పనులు చేయవలెను. మొదటిది, నిజము చెప్పుట: ఏమి జరిగినది కుటుంబమునకు వారి భాషలో, కూర్చుండబెట్టి, తొందరపడక చెప్పవలెను. దేవుని చిత్తమని తొందరగా పలికి మన తప్పును కప్పుకొనరాదు. రెండవది, విచారించుట: ఆలస్యమైనదెచ్చట, రక్తము దొరకలేదా, వాహనము రాలేదా, గుర్తును ఎవరైన చూడలేదా అని వ్రాతపూర్వకముగా పరిశీలించి మరియొక తల్లికి అట్లు జరుగకుండ చూడవలెను. మూడవది, దుఃఖించుట: బిడ్డను కోల్పోయిన తల్లిని పసిబిడ్డల ఏడ్పు వినబడు గదిలో పండబెట్టక, వేరుచోట ఉంచి, ఆమె మాటలాడిన యెడల వినవలెను. ఆ తల్లికి పాలు వచ్చుచునే ఉండును. ఆ వేదన ఎరుగనివారు ఆమెకు వాక్యము వినిపించుటకు తగినవారు కారు.

7. సువార్తయు స్వేచ్ఛయు

ఇట్టి గృహమున గోడమీద వాక్యముండును, ఉదయమున ప్రార్థన వినబడును. అడిగినవారికి తమ నిరీక్షణకు హేతువు చెప్పుట విశ్వాసుల హక్కును బాధ్యతయును. అయితే నొప్పులలోనున్న స్త్రీ, బిల్లు కట్టలేని భర్త, బలహీనులు. వారి బలహీనతను ఆసరాగా తీసికొని ఒప్పుదల పొందుట సువార్త కాదు. ప్రభువు పదిమంది కుష్ఠరోగులను శుద్ధులను చేసెను, తిరిగివచ్చినవాడు ఒక్కడే. తక్కిన తొమ్మిదిమంది స్వస్థతను ఆయన వెనుకకు తీసికొనలేదు. ఉచితముగా పొందినవారు ఉచితముగా ఇయ్యవలెను. ఏలూరు జమీందారుగారి కుటుంబము సత్రము కట్టించినది ఎవరి బలవంతము వలనను కాదు.

8. ఆస్పత్రి లేనిచోట సంఘమేమి చేయగలదు?

ఆల్థాన్ వంటి ప్రాంతమున నివసించు తెలుగు విశ్వాసులు కొలదిమందియే కావచ్చును. వారు ఆస్పత్రి కట్టలేరు; కట్టనవసరము కూడ లేదు. సూరత్‌లో ప్రభుత్వ సివిల్ ఆస్పత్రియు, నగరపాలక సంస్థ వారి స్మీమేర్ ఆస్పత్రియు ఉన్నవి. లోపించినది మంచము కాదు. మంచము ప్రక్కన నిలుచు పుట్టింటి మనిషి. ఆ లోటును సంఘము తీర్చగలదు.

మొదటిది, చుట్టుపట్లనున్న గర్భవతుల పేర్లు, నెలలు ఎరిగి, వారు మమతా కార్డు వ్రాయించుకొనునట్లును, క్రమముగా పరీక్షకు పోవునట్లును చూచుట. రెండవది, గుజరాతీ గాని హిందీ గాని వచ్చిన ఒక అక్క ఆస్పత్రికి తోడుపోవుట. నర్సు అడిగినదానిని తెలుగులో చెప్పి, తల్లి చెప్పినదానిని నర్సునకు చెప్పుట. మూడవది, రక్తమిచ్చుటకు సిద్ధముగానున్న యువకుల పేర్లును రక్తవర్గములును వ్రాసి ఉంచుట. నాలుగవది, అర్ధరాత్రి ఆటోకు కావలసిన రూకలు ఒక సంచిలో వేరుగా పెట్టుట. అయిదవది, కాన్పైన తరువాత నలుబది దినములు వంతులు వేసికొని వండి పెట్టుట, పెద్దబిడ్డను బడికి పంపుట. ఆశా కార్యకర్త మూడవ, ఏడవ, పదునాల్గవ, ఇరువదియొకటవ, ఇరువదియెనిమిదవ, నలుబదిరెండవ దినములలో వచ్చి బిడ్డను చూచునను సంగతిని తల్లికి చెప్పి, ఆమె రానియెడల పిలుచుట.

ఇందులో ఒక్కటియు గొప్పపని కాదు. 1805లో లండను మిషనరీ సంఘమువారు విశాఖపట్టణము చేరిరి. అదే సంఘమువారు 1815లో సూరత్ చేరి గుజరాతీ భాషలో లేఖనమును తర్జుమా చేయు పనికి పూనుకొనిరి. తెలుగువారికిని గుజరాతీలకును వాక్యమును తెచ్చిన చేయి ఒకటే. నేడు సూరత్‌లోని తెలుగు విశ్వాసి పొరుగింటి గుజరాతీ తల్లికి, మరాఠీ తల్లికి, ఒడియా తల్లికి ఒక గిన్నె గంజి తీసికొనిపోయిన యెడల ఆ పాత ఋణములో కొంత తీర్చినవాడగును.

తలుపు తట్టబడు రాత్రి ఎప్పుడు వచ్చునో ఎవరికిని తెలియదు. ఆ రాత్రి దీపము వెలుగుచుండవలెనన్న యెడల, ఎవరును తట్టని రాత్రులలోను దానిలో నూనె పోయుచుండవలెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. నిర్గమకాండములో రాజు పేరు వ్రాయక మంత్రసానుల పేర్లు వ్రాయుటలో మనము నేర్చుకొనవలసినదేమి?

2. డాక్టరు కుగ్లర్‌గారి పదునైదేండ్ల కనిపెట్టుటలో మీ సంఘమునకు మాదిరి యేది?

3. మీ వీధిలో పుట్టింటికి దూరముగా నెలలు నింపుకొనుచున్న స్త్రీ ఎవరైన ఉన్నదా? ఆమె పేరు మీకు తెలియునా?

4. ఆడబిడ్డ పుట్టినప్పుడు మీ ఇంటివారు ఎట్లు మాటలాడుదురు?

5. బిడ్డను కోల్పోయిన తల్లిని మీ సంఘము ఎట్లు ఆదరించుచున్నది?

ప్రార్థనాంశములు

ఈ రాత్రి నొప్పులుపడుచున్న తల్లులకొరకును, వారి ప్రక్కన మేల్కొనియున్న నర్సులకొరకును, ఆయాలకొరకును. తక్కువ బరువుతో పుట్టిన పసిబిడ్డలకొరకును. తల్లి లేని బిడ్డలకొరకును, బిడ్డ లేని తల్లులకొరకును. దూరదేశములలో కాపురమున్న తెలుగు కుటుంబములకొరకును ప్రార్థింపవలెను. గొఱ్ఱెపిల్లలను రొమ్మున హత్తుకొని, పాలిచ్చు తల్లులను మెల్లగా నడిపించు ఆ కాపరి, తన సేవకుల నడకను సయితము ఆ తల్లుల నడకకు తగినట్లు నెమ్మదిపరచును గాక. ఆమేన్.